గడియ పడని ఓవెను తలుపు



అమెరికా దేశమున స్థిరపడిన మన తెలుగు కుటుంబముల వంటయిండ్లలో, నాలుగు పొయ్యిల స్టవ్వు క్రింద, నల్లని గాజు తలుపుతో, ఇంటితోపాటు చేతికి వచ్చి ఇంటితోపాటే పరుల చేతికి పోవు ఓవెను అను నొక యంత్రము కలదు. పప్పుచారునకు గాని, వేపుడునకు గాని, పులిహోరకు గాని దాని సాయము మనకు అక్కరలేదు. కావున చాల యిండ్లలో నది మూకుళ్లకును, గుంటపొంగణాల పెనములకును, పండుగనాడు మాత్రమే వెలికివచ్చు పెద్ద గిన్నెలకును నిలువయిల్లుగా పరిణమించినది. అయితే పిల్లలు ఎదుగుదురు. వారికి పిజ్జాలు, కేకులు కావలెను. కోడలు బంగాళాదుంపలు కాల్చును, అల్లుడు నవంబరు మాసమున టర్కీకోడిని కాల్చి చూతమనును. జున్ను కారి మాడును, నూనె చింది గోడలపై నల్లని పెచ్చుగా కట్టును. తుదకు ఇల్లు అమ్మకమునకు పెట్టునాడో, అద్దెయిల్లు ఖాళీచేయునాడో, బంధువులు వచ్చు సందర్భమో తటస్థించి, గృహిణి ఆ యంత్రపు నుదుట నున్న ‘సెల్ఫ్ క్లీన్’ అను మీటను నొక్కును. తెరపై ‘లాక్’ అను అక్షరములు మిణుకు మిణుకుమనును. తలుపు మాత్రము బిగియదు. కొంతసేపటికి యంత్రము కీచుమని, ఒక అక్షరమును రెండంకెలను చూపి, తన పని మానుకొనును. ఈ చిక్కును గూర్చి, దాని కారణములను గూర్చి, గృహస్థు తన చేతులతో ఎంతవరకు చూడవచ్చునో, ఎచ్చట ఆగవలెనో ఆ హద్దును గూర్చి నేడు ముచ్చటింపదలచితిని.

మొదట ఈ ఏర్పాటు పూర్వాపరములు కొంత తెలిసికొనుట అవసరము. మాడిన జిడ్డును గీకి తీయుట ఎంత శ్రమయో తీసినవారికే ఎరుక. ఘాటైన క్షారపు మందు చల్లి, చేతులకు రబ్బరు తొడుగులు వేసికొని, తల లోనికి దూర్చి, ఊపిరి బిగపట్టి రుద్దుట ఒకప్పుడు అమెరికా గృహిణులకు తప్పని పని. జనరల్ ఎలక్ట్రిక్ కంపెనీవారు కెంటకీ రాష్ట్రమున లూయీవిల్ నగరములో నడుపుచుండిన కర్మాగారమున పనిచేసిన బోహ్డాన్ హుర్కో అను ఇంజనీరు ఈ బాధకు విచిత్రమైన ప్రతిక్రియను కల్పించెను: మురికిని కడుగుట గాక, దహించుట. 1963లో ఆ కంపెనీ ఇట్టి ఓవెనును విపణిలోనికి తెచ్చెను. మరుసటి సంవత్సరము, 1964లో, హుర్కో పేరిట పేటెంటు మంజూరయ్యెను. మామూలు వంటకు 350 లేక 400 డిగ్రీల ఫారెన్‌హీటు వేడి చాలియుండగా, ఈ శుద్ధిక్రమములో ఓవెను గర్భము సుమారు 880 డిగ్రీలకు, అనగా సెంటిగ్రేడు మానమున 470 డిగ్రీలకు, ఎక్కును. రెండు మొదలు నాలుగు గంటలు నిలుచు ఆ తాపములో జిడ్డునందలి సేంద్రియ పదార్థము విచ్ఛిన్నమై, బొగ్గుపులుసు వాయువుగను, నీటియావిరిగను, కొంత పొగగను వెలికిపోగా, అడుగున చిటికెడు తెల్లని బూడిద మిగులును. తడిగుడ్డతో దానిని తుడిచినచో పింగాణీ పూత తళతళలాడును.

ఇంతవరకు సొగసుగనే యున్నది. కాని అంతటి వేడి నిండియున్న గది తలుపును, లోన నేమగుచున్నదో చూతమని ఎవరైన నడుమ తెరచిరేని ఏమగును? మొగము కాలుట ఒక్కటే కాదు. లోపల ప్రాణవాయువు కొరతచే సగము మాత్రమే కాలి, ఇంక కాలుటకు సిద్ధముగా నున్న జిడ్డుపొగపై బయటి క్రొత్తగాలి పడుటతో, అది భగ్గున మంట లేచును. అందుచేత ఓవెను వేడి ఒక మితి దాటిన పిమ్మట తలుపు మానవ హస్తమునకు లొంగరాదనియు, వేడి తిరిగి 600, 500 డిగ్రీల ఫారెన్‌హీటు ప్రాంతమునకు దిగిన తరువాతనే గడియ విడవలెననియు నిర్మాతలు నియమము చేసికొనిరి. గడియ పడనిచో వేడి ఎక్కదు. వేడి దిగనిచో గడియ విడదు. ఈ రెండు వాక్యములు మనసున పెట్టుకొన్నవారికి, తలుపు బిగియలేదని యంత్రమును తిట్టబుద్ధి పుట్టదు. అది చెడిపోయి మొరాయించుట కాదు. చాలమారులు తన ధర్మమును పాటించియే అది మొరాయించును.

గడియ నిర్మాణము ఎట్టిదో చూతము. తొలినాటి ఓవెనులలో తలుపు పైభాగమున ఒక లోహపు మీట ఉండెడిది. గృహిణి దానిని చేతితో ప్రక్కకు జరిపి బిగించెడిది. వేడి పెరిగిన తరువాత ఆ మీట కదలకుండ లోపలి నుండి మరియొక అడ్డుకట్ట దానిని పట్టియుంచెడిది. ఇప్పటికిని పాత యిండ్లలో అట్టివి అక్కడక్కడ కానవచ్చును. వానిలో మీట పూర్తిగా తుదివరకు జరపకపోవుటయే పెక్కు ఫిర్యాదులకు మూలము. తరువాతి కాలపు ఓవెనులలో ఈ పని ఒక చిన్న మోటారు చేయును. అది అరచేతిలో ఇమిడిపోవు మోటారు; బహుమందముగా తిరుగును; దాని ఇరుసుకు ఒక చక్రము, దానికి ఒక సన్నని కడ్డీ, కడ్డీ కొనకు ముందువైపున ఒక ఉక్కు కొక్కెము. మోటారు సగము చుట్టు తిరిగినంతనే ఆ కొక్కెము ఓవెను నుదుటి చీలిక నుండి ముందునకు వచ్చి, తలుపు పైయంచున నున్న రంధ్రములో దూరి, క్రిందికి వంగి, తలుపును తనవైపునకు గట్టిగా లాగికొనును. మరల సగము చుట్టు తిరిగినచో విడిపించును.

ఇక అసలు కిటుకు ఈ కొక్కెములో లేదు; దాని ప్రక్కన నున్న చిన్న చిన్న స్విచ్చులలో నున్నది. తలుపు మూసినప్పుడు లోనికి నొక్కబడు బొడిపె వంటి స్విచ్చు ఒకటి. అది తలుపు మూసియున్నదని చెప్పును. మోటారు చక్రము నానుకొని యుండు స్విచ్చు మరియొకటి, కొన్నిటిలో రెండు. అవి కొక్కెము పడినది, లేక విడినది, అని చెప్పును. వీని మాటలను వినునది కంట్రోలు బోర్డు. ఆ బోర్డునకు కన్నులు లేవు. తలుపు నిజముగా మూసియున్నదో లేదో అది చూడజాలదు. న్యాయస్థానమున న్యాయమూర్తి ఘటనాస్థలమునకు పోక, బోనెక్కిన సాక్షుల వాఙ్మూలమునుబట్టియే తీర్పు చెప్పినట్లు, అదియు ఈ స్విచ్చుల సాక్ష్యమును మాత్రమే నమ్మును. సాక్షులలో నొకడు మౌనము వహించినను, ఇద్దరు పరస్పర విరుద్ధముగా పలికినను, కేసు కొట్టివేయును. ఆ కొట్టివేతయే మనకు తెరపై కనబడు అక్షరము, అంకెలు. కావున తలుపు గడియ పడుట లేదన్న ఫిర్యాదు వచ్చినపుడు విజ్ఞుడైనవాడు మొదట అడుగవలసిన ప్రశ్న, ఏ వస్తువు విరిగినది అని కాదు. ఏ సాక్ష్యము అందలేదు అని.

ఈ దృష్టితో చూచినచో, మరమేకు ఒక్కటియైన విప్పకమునుపే చాల సంగతులు తేలిపోవును. మొట్టమొదట, మీ ఓవెను నిజముగా అట్టి దహనశుద్ధి గలదియేనా? ఇటీవలి కాలమున వచ్చిన కొన్ని ఓవెనులలో ‘స్టీమ్ క్లీన్’ అని మాత్రమే ఉండును. అడుగున కొంత నీరు పోసి, స్వల్పమైన వేడితో జిడ్డును నానబెట్టుట దాని విధానము. అందు చాలవానికి తలుపు బిగియనక్కరయే లేదు. గడియ పడలేదని అట్టి యంత్రమును ఊడదీసినవారిని నేనెరుగుదును. తరువాత, మాంసపు వేడి కొలుచుటకు లోన గ్రుచ్చు సూది, ‘ప్రోబు’ అందురు, దాని రంధ్రమున నట్లే యుండిపోయినచో పెక్కు ఓవెనులు శుద్ధి ఆరంభింపవు. పిల్లలు నొక్కకుండ వేయు ‘కంట్రోల్ లాక్’ పడియున్నను, యూదు మతస్థుల విశ్రాంతిదిన నియమములకై ఏర్పరచిన ‘సబ్బాత్ మోడ్’లోనికి, ఎవరో రెండు మీటలు కలిపి నొక్కుటచే, యంత్రము వెళ్లియున్నను, అంతే. అప్పుడే కేకు కాల్చి దించి, వెంటనే శుద్ధి మీట నొక్కినచో, ఇంకను వేడిగా నున్నానని నిరాకరించునవి కొన్ని. గోడలో అమర్చిన రెండంతస్తుల ఓవెనులు కొన్నిటిలో ఒక అంతస్తు శుద్ధి జరుగుచుండగా రెండవది పనిచేయదు. ఆలస్యముగా మొదలగునట్లు గడియారము పెట్టియుంచి, ఆ సంగతి మరచి, పనిచేయుట లేదని వగచువారును కలరు. ఇవి యన్నియు దోషములు కావు. పుస్తకము చదివినచో తీరునవి. కాని మనవారు ఏ యంత్రము కొన్నను మొదట పారవేయునది ఆ పుస్తకమునే! పోయినను చింత లేదు. మోడలు సంఖ్య చెప్పి తయారీదారు నుండి మరల తెప్పించుకొనవచ్చును.

ఇవేవియు కానిచో, ఓవెనుకు సంబంధించిన సర్క్యూటు బ్రేకరును ఆపి, కొన్ని నిమిషములు తాళి, మరల వేయవలెను. కరెంటు ఓవెనుకు 240 వోల్టుల జంట బ్రేకరు, సాధారణముగా 40 లేక 50 ఆంపియరులది, ఉండును. గ్యాసు ఓవెనైనచో వెనుక నున్న మామూలు ప్లగ్గు ఊడదీసినచో చాలును. ఇది మంత్రము కాదు. కంట్రోలు బోర్డునందలి గణనయంత్రము ఎప్పుడో విద్యుత్తు క్షణకాలము పోయి వచ్చినప్పుడు గడియ స్థితిని తప్పుగా గుర్తుపెట్టుకొనియుండవచ్చును. నిద్రపుచ్చి లేపినచో అది మోటారును ఒకసారి త్రిప్పి, గడియ ఎచ్చట నున్నదో క్రొత్తగా తెలిసికొనును. దీనితో తీరిపోయిన ఫిర్యాదులు తక్కువేమియు కావు.

ఇక తలుపును పరీక్షింపవలెను. పైకి మూసికొనినట్లు కనబడు తలుపు, నూలుపోగంత ఎడముగా నున్నను కొక్కెమునకు రంధ్రము దొరకదు. కమ్మీల అరలను కడిగి వెనుకది ముందునకు పెట్టినచో అవి తలుపును తోయును. అడుగున పరచిన అల్యూమినియము రేకు అంచు పైకి లేచి మూలకు అడ్డుపడును. తలుపు చుట్టును నున్న నేత సీలు, గాజునూలుతో అల్లినది, దానిని ఇనుపపీచుతో తోమరాదని పుస్తకములన్నియు మొరపెట్టుచున్నను, శుభ్రతాభిమానముగల మన ఆడపడుచులు దానినే మొదట తోముదురు. అది పోగులు లేచి, ఉబ్బి, కొక్కిళ్ల నుండి జారి, ఒకచోట దిండువలె ముందునకు వచ్చును. ఈ సీలునకు మురికియే మేలు, తోముడు కీడు అని చెప్పినచో ఎవరును నమ్మరు.

న్యూజెర్సీలో నా మేనకోడలి యింట జరిగినదొకటి ఈ సందర్భమున చెప్పుట ఉచితము. ఆమె ఫోనుచేసి, “మావయ్యా, ఓవెనుకి తాళం పడ్డం లేదు, మోటారు పోయిందట, ఈయన కొత్తది తెప్పిస్తానంటున్నారు,” అన్నది. నేను పోయి చూచునప్పటికి అల్లుడుగారు స్క్రూడ్రైవరు చేతబట్టుకొని, స్టవ్వును గోడ నుండి ఈవలకు లాగుటకు ఉద్యుక్తులై యుండిరి. “కొంచెం ఆగండి, అల్లుడుగారూ, ముందు దాన్నొకసారి మాట్లాడనివ్వండి,” అని శుద్ధి మీట నొక్కించి, చెవి యొగ్గి వింటిని. గుర్రుమని సన్నని మ్రోత, ఆ తరువాత టిక్కుమని లోహము లోహమును తాకిన చప్పుడు, మరల గుర్రు, మరల టిక్కు. మోటారు చావలేదు, తిరుగుచునే యున్నది. కొక్కెము ముందునకు వచ్చి దేనినో తాకి వెనుకకు పోవుచున్నది. శుద్ధి రద్దుచేయించి, బల్లపై నున్న ఒక డాలరు నోటును తీసికొని తలుపు ఎడమ పైమూలన ఉంచి మూసితిని. లాగినచో గట్టిగా పట్టుకొని, అతికష్టముమీద వచ్చినది. కుడి పైమూలన అట్లే ఉంచితిని. రెండువేళ్లతో లాగినంతనే వెన్నలో వెంట్రుకగా జారివచ్చినది. బ్యాటరీదీపము వెలిగించి తలుపు పై యంచును చూచితిమి: కొక్కెము దూరవలసిన రంధ్రపు పెదవిపై, పింగాణీ రాలి, క్రొత్తగా ఏర్పడిన మెరుపుగీత ఒకటి. కొక్కెము రంధ్రములో గాక దాని యంచునకు తగులుచుండెను.

“ఈ మధ్య తలుపు ఊడదీశారా?” అని అడిగితిని. అల్లుడుగారు ఇంటావిడ వంక చూచిరి. గాజు తుడుచుటకై తలుపును బందుల నుండి ఎత్తి తీసి, మరల తగిలించినారట. తగిలించునపుడు ఎడమ బందు తన గాడిలో పూర్తిగా కూర్చున్నది; కుడిబందు గాడి పెదవిమీదనే నిలిచినది. తలుపు మూయుట తెరచుట చక్కగనే యుండుటచే ఎవరికిని అనుమానము కలుగలేదు. కేకులును కాలుచునే యుండినవి. తలుపు మరల ఎత్తి, రెండు బందులును గాడులలో అడుగంట దింపి, వాని చిన్న బిగింపుమీటలను వెనుకకు త్రోసి మూసినంతనే, నోటు రెండు మూలలను సమముగా పట్టినది. కొక్కెము ఒక్క ఊపున లోనికి పోయి తలుపును గుంజుకొన్నది. మోటారు కొనవలసిన సొమ్ముతో మా మేనకోడలు నాకొక శాలువ కొందుననెను గాని, ఆ మాట మాటగానే నిలిచినది.

చెవితో వినుట ఎంత ప్రధానమో చెప్పుటకే దీనిని ప్రస్తావించితిని. మీట నొక్కిన పిమ్మట బొత్తిగా చప్పుడు లేనిచో ఒక దారి. గుర్రుమనుచు కొక్కెము కదలనిచో మరియొక దారి. కొక్కెము ఆగక లోనికి వెలికి తిరుగుచునే యున్నచో వేరొక దారి. నిశ్శబ్దమైనచో మోటారునకు విద్యుత్తు అందుట లేదు, లేక మోటారు తీగచుట్టు తెగినది, లేక తలుపు మూసియున్నదను మొదటి సాక్ష్యమే బోర్డునకు చేరలేదు. గుర్రుమని కదలనిచో ఏండ్ల తరబడి చేరిన జిడ్డు గట్టిపడి కొక్కెమును పట్టినది, లేక కడ్డీ వంగినది, లేక మోటారు పండ్లచక్రములు అరిగినవి. తిరుగుచునే యున్నచో మోటారును కొక్కెమును ఆరోగ్యముగా నున్నవి. గడియ పడినది అని చెప్పవలసిన స్విచ్చు మూగవోయినది, లేక తన స్థానము నుండి జరిగినది. ఈ మూడవదానిని చూచి మోటారు మార్చినవారు సొమ్ము వృథా చేసికొందురు.

ఇంతకు మించి పోదలచినవారు, స్వగృహము గలవారైనచో మాత్రమే, ముందునకు సాగవలెను. అద్దెయిండ్లవారు ఇచ్చట ఆగి యజమానికో, అపార్టుమెంటు కార్యాలయమునకో తెలియజేయుట మర్యాద, లాభము కూడ. యంత్రము వారిది, మరమ్మతు భారము వారిది. గోడలో అమర్చిన ఓవెనును ఒంటరిగా వెలికి లాగుటకు ఎవరును సాహసింపరాదు. అది మిక్కిలి బరువైనది. నేలపై నిలుచు స్టవ్వైనచో బ్రేకరు ఆపి, మీట నొక్కి తెర వెలుగుట లేదని నిర్ధారణ చేసికొని, మెల్లగా ముందునకు జరుపవలెను. వెనుక కాలిని పట్టియుంచుటకు నేలకో గోడకో బిగించిన ఇనుపకొక్కి ఒకటి ఉండును. తెరచిన తలుపుపై పసివాడు ఎక్కినచో స్టవ్వు ముందునకు తిరగబడకుండ కాపాడునది అదియే. పనియైన తరువాత కాలిని మరల దానిలో దూర్చుట మరువరాదు. గ్యాసు స్టవ్వైనచో గొట్టము మెలిపడకుండ చూడవలెను. రేకుల అంచులు కత్తులు. చేతులకు తొడుగులు ఉండవలెను.

వెనుకరేకు లోపల గాని, అడుగు సొరుగు వెనుక గాని, కంట్రోలు పలక సందున గాని మడతపెట్టి దాచిన కాగితమొకటి తరచుగా దొరకును. మరమ్మతుదారుల కొరకు ఉద్దేశింపబడినదది. ఆ మోడలు తెరపై చూపు ప్రతి దోషసంకేతమునకు అర్థము, తీగల పటము, ఏ రెండు కొనల నడుమ ఎన్ని ఓమ్ములు రావలెనో ఆ లెక్క, అన్నియు అందు కలవు. ఒక కంపెనీ సంకేతము మరియొక కంపెనీకి వర్తింపదు. పొరుగింటివారి అనుభవముకంటె ఈ కాగితము విశ్వసనీయము. మల్టీమీటరు పట్టుట తెలిసినవారు, మోటారు తీగలు విడదీసి కొలిచినచో, ఆ కాగితమునందలి అంకెకు దగ్గరగా రావలెను. అనంతమని చూపినచో మోటారు పోయినట్లే. స్విచ్చును వ్రేలితో నొక్కి విడిచినచో మీటరు ఒకమారు కలిసినదనియు, ఒకమారు విడినదనియు చూపవలెను. రెండు మారులును ఒకే మాట చెప్పు స్విచ్చు పనికిమాలినది. వేడిని కొలుచు సెన్సారును కూడ విడువరాదు. చాలవరకు అమెరికా ఓవెనులలో అది గదివేడి యందు సుమారు 1080 నుండి 1100 ఓమ్ములు చూపును. అది చెడి, చల్లని ఓవెనును మహోష్ణముగా నున్నదని చెప్పినచో, బోర్డు గడియ విషయమున తికమక పడును. తీగలను కన్నులతో తడవి చూడవలెను. శుద్ధితాపమునకు పెళుసెక్కిన తొడుగులు, మాడి నల్లబడిన కొనలు మీటరుకంటె ముందే కథ చెప్పును. ఇవి యన్నియు సక్రమముగా నున్నచో మిగిలినది బోర్డు ఒక్కటే. దానిపై మోటారును నడుపు రిలే కాలియుండును. బోర్డును కట్టకడపట మాత్రమే అనుమానింపవలెను. మరమ్మతుదారులలో తొందరపాటువారు మొదటనే అనుమానింతురు, ఏలయనగా అది మార్చుట సులభము, దాని ధర అధికము.

ఒక్క సంగతి మాత్రము గట్టిగా చెప్పవలసియున్నది. స్విచ్చు చెడినది కదా అని దాని రెండు తీగలను తిన్నగా ముడివేసి, గడియ పడకున్నను పడినట్లు బోర్డును నమ్మించి, శుద్ధి జరిపించు ఉపాయము కొందరికి తోచును. చేసి చూపువారును కలరు. అబద్ధపు సాక్షిని నిలిపినట్టి ఈ పని మహాప్రమాదకరము. 880 డిగ్రీల గర్భమునకు, ఇంటిలో తిరుగాడు పిల్లవాని చేతికి నడుమ నున్న అడ్డు ఆ గడియ యొక్కటియే. ఓవెను మురికిగా నున్నను ఎవరికిని ప్రాణహాని లేదు.

నిజమునకు ఈ శుద్ధిక్రమము విషయమున నాకు కొంత వైముఖ్యము కలదు, శ్రోతలతో దాచనేల? మురికిని కాల్చు ఆ తాపమే గడియ మోటారును, స్విచ్చులను, బోర్డును మెల్లమెల్లగా తినివేయును. కొక్కెము వెనుక నున్న ఆ భాగము ఓవెను పైకప్పునకు ఎంతో దూరమున లేదు. అందుచేతనే అనుభవజ్ఞులైన మరమ్మతుదారులు, థాంక్స్‌గివింగు పండుగకు ముందు వారము ఈ మీట నొక్కవద్దని హితవు చెప్పుదురు. దీపావళికి నలుగురిని భోజనమునకు పిలిచిన మన యింటివారికిని ఆ హితవు వర్తించును. గడియ సగములో నిలిచిపోయినచో తలుపు మూయను రాదు, తెరవను రాదు. అప్పుడు శుద్ధి మాట అటుంచి, వంటయే ఆగిపోవును. పండుగ వెళ్లిన పిమ్మట, తీరికగా నున్ననాడు, కిటికీలు తెరచి, పొగగొట్టపు పంకా వేసి, ముందుగా పెచ్చులను చేతితో తీసివేసి, లోన కమ్మీల అరలను, దాచిన గిన్నెలను అన్నింటిని వెలికిపెట్టి చేయుట యుక్తము. పంజరములో చిలుక గలవారు దానిని ఆ పూట ఇల్లు దాటించవలెను. ఆ పొగ పక్షుల ఊపిరికి పడదు.

గడియ చెడిన ఓవెను వంటకు పనికిరాదని కొందరు భ్రమింతురు. కొక్కెము పూర్తిగా విడిన స్థితిలో నిలిచి, తెరపై దోషసంకేతము లేనిచో, అది కేకులు కాల్చుటకు ఏ అభ్యంతరమును చెప్పదు. యంత్రము పాతదైనచో, బోర్డు మార్చుటకగు సొమ్ము క్రొత్త ఓవెను ధరలో గణనీయమైన భాగమైనచో, వంటసోడాను నీటితో ముద్దగా కలిపి రాత్రి పూసి, ఉదయమున తుడుచుకొనుచు కాలము గడుపుట నా దృష్టిలో తెలివైన పనియే. గడియ భాగము ఒక్కటే పోయినచో మార్పించుకొనవచ్చును. మోటారు, స్విచ్చులు, కొక్కెము కలిసి ఒకే ముక్కగా దొరకును, వెల బోర్డుకంటె తక్కువ.

అట్టి ముక్కను తెప్పించుకొనునపుడు ఓవెను పేరు, రంగు చెప్పినచో చాలదు. తలుపు తెరచినచో చట్రపు అంచున గాని, అడుగు సొరుగు లాగినచో లోపలి ప్రక్కన గాని, చిన్న రేకుపై మోడలు సంఖ్య చెక్కియుండును. దానిని తుది అక్షరమువరకు, చివర నున్న అంకె సహితముగా వ్రాసికొనవలెను. ఒకే పేరుగల రెండు ఓవెనులకు ఆ చివరి అంకె భేదముచే కొక్కెము పొడవు మారుట కలదు.